ఇరవై నాలుగు తుమ్మ బుడిపెలు

మా ఆయన తరఫువాళ్ళ పెళ్ళికి ఎప్పుడు పోయినా, భోజనాలయ్యాక తమలపాకులు నములుతూ ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుతారు. నేను ఎర్రచందనం బొమ్మలు సంచిలో వేసుకుని బస్సులో కుప్పం పోతున్నానట. వెంకటగిరికోట దగ్గర పోలీసులు బస్సు ఎక్కబోయారట. మా ఆయన సమయానికి సంచి మాయం చేసి, నన్నూ, ఇంటి పరువునూ జైలు గడప దగ్గరి నుంచి వెనక్కి లాక్కొచ్చాడట. వాళ్ళు చెబుతున్నంతసేపూ ఆయన తల వంచుకుని, ఇప్పుడవన్నీ ఎందుకులే అన్నట్లు చెయ్యి ఊపుతాడు. కాదు అని ఒక్కసారి నోరు తెరిచి చెప్పడు. ఆ చెయ్యి ఊపడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయన చెప్పకపోతే నేను చెబుతాను. అది ఎర్రచందనం కాదు, నల్లతుమ్మ. పోలీసులు బస్సు ఎక్కలేదు, ఎక్కాలని అనుకోనూ లేదు. ఇద్దరూ టీ బంకు ముందు నిలబడి మిరపకాయ బజ్జీలు తింటున్నారు. అందులో ఒకతను కారం తగిలి కళ్ళనీళ్ళు తుడుచుకుంటున్నాడు. నన్ను ఎవరూ ఏ గడప దగ్గరి నుంచీ లాక్కురాలేదు. లాక్కున్నది నా సంచిని.

మా నాన్న పుంగనూరులో తరిమెన పట్టేవాడు. అంటే, చెక్కను లేత్ మిషనుకు బిగించి గిరగిరా తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కే పని. మంచం కోళ్ళు, ఉయ్యాల కమ్మీలు, కమ్మీల చివర అందానికి పెట్టే బుడిపెలు చేసేవాడు. ఆయన పోయాక మా అన్నలు అంగడి అమ్మేశారు. మిషనును పాత ఇనుము కింద తూకానికి వేయబోతుంటే నేను ట్రాలీ ఆటో మాట్లాడుకుని మదనపల్లెకు తెచ్చుకున్నాను. బి.ఎ. చదివిన ఆడమనిషి ఇనుప మిషను పక్కన ట్రాలీలో కూర్చుని వచ్చిందని వీధిలో నవ్వారు. నవ్వనీ. వాళ్ళ ఇళ్ళలో బి.ఎ. చదివినవాళ్ళు ఏం చేస్తున్నారో నాకు తెలుసు. సోఫాలో పడుకుని ఫోను చూస్తున్నారు.

మా ఆయన మండలాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. రసీదు ఇవ్వరని కొత్తిమీర కట్ట కొనడానికి కూడా ఆలోచిస్తాడు. ఖాకీ బట్ట కనబడితే, అది ఆటోవాళ్ళదైనా సరే, ఒకడుగు పక్కకు జరుగుతాడు. ఇంటికెవరైనా వచ్చి వెనక గదిలో ఆ చప్పుడేమిటని అడిగితే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే: "మా ఆమెకు పొద్దుపోదు. గుండ్లు దొర్లిస్తా ఉంటాది."

పొద్దుపోని పని! చెక్క గుండ్రం కానంతవరకు టకటకమని ఉలిని తన్నుతుంది, ఆ దెబ్బ మోచేతిదాకా వస్తుంది. గుండ్రమైన క్షణంలో చప్పుడు ఆగిపోయి, ఉలి కిందనుంచి పేళ్ళు రిబ్బను మాదిరి లేస్తాయి. మెడ దగ్గర సన్నం చేసేటప్పుడు వెంట్రుకవాసి లోపలికి పోతే చాలు, రెండు రోజుల పని విరిగి ఎగిరి గోడకు కొడుతుంది. పొద్దుపోనివాళ్ళు అంత దగ్గరగా మొహం పెట్టి చేసే పని కాదది. ఆయన ఒక్కసారి ఆ గదిలోకి వచ్చి చూసి ఉంటే తెలిసేది. దుమ్ము పడదని రాడు. మండలాఫీసు ఫైళ్ళ దుమ్ము మాత్రం బతుకంతా పడింది.

తుమ్మ మొద్దు రామసముద్రం నుంచి వచ్చింది. మా పిన్నమ్మవాళ్ళ చేని గట్టు మీద చెట్టు గాలికి పడిపోతే, ట్రాక్టరులో వేయించి తెప్పించాను. దింపడానికి మనుషులు చాలక ఆయన కూడా ఒక చెయ్యి వేశాడు. చేతికేమీ కాలేదు గానీ, కొమ్మ తొక్కి, చెప్పు దూసుకుని ముల్లు కాలి మడమలో దిగింది. మూడు రోజులు కుంటుకుంటూ తిరిగాడు. పిన్నీసు కాల్చి ముల్లు తీసింది నేనే. తీస్తున్నంతసేపూ తుమ్మచెట్టును ఏడు తరాల వెనక్కి పోయి తిట్టాడు. ఈ ముల్లు సంగతి నేను ఊరికే చెప్పడం లేదు.

ఏడాది పైగా నీడన ఆరాక ఆ మొద్దును కోస్తే, లోపల చేవ ఎర్రగా ఉంది. అవిసె నూనె పట్టిస్తే కాలిన ఇటుక రంగు తేలింది. అప్పుడే కుప్పం నుంచి నా డిగ్రీ స్నేహితురాలు ఫోను చేసింది. వాళ్ళ చర్చిలో క్రిస్మస్ చెట్టు అలంకరించే పని ఆమెది.

"గాజుగుండ్లు ఏటా పగిలిపోతాండాయి మే. పిల్లోళ్ళ కాళ్ళు తెగతాండాయి. నీ మిషను మీద చెక్కవి సేసిస్తావా? డిసెంబరు మొదటి ఆదివారం సాయంత్రం చెట్టు నిలబెడతాం, అప్పటికి రావల్ల. బాగుంటే తక్కిన చర్చిలోళ్ళు కూడా అడగతారు."

నాన్న పోయాక ఆ మిషనుకు ఒకరు పని చెప్పడం అదే మొదలు. నాకు చెప్పడమైతే, పుట్టాక అదే మొదలు.

క్రిస్మస్ చెట్టుకు ఏమేం వేలాడదీస్తారో ఫోనులో వెతికితే వంద కనిపిస్తాయి. నేను వెతకలేదు. నాన్న చేసిన ఉయ్యాల బుడిపెనే కాస్త సన్నం చేసి, కింద మొగ్గలాగా మొన దించి, పైన దారానికి రంధ్రం పెట్టాను. ఏసు పుట్టింది కూడా పసిబిడ్డగానే కదా, ఉయ్యాల బుడిపెలంటే ఆయనకేం అభ్యంతరం ఉంటుంది? ఇరవై నాలుగు నిలిచాయి. విరిగినవి ఎన్నో నేను లెక్క పెట్టలేదు, పొయ్యి పెట్టింది. ఇరవై ఐదోది మెడ దగ్గర చిన్న బీట వేసింది. పారేయడానికి మనసొప్పక హ్యాండుబ్యాగులో వేసుకున్నాను. తక్కినవాటికి ఒక్కోదానికి పాత చీర పీలిక చుట్టి, బట్టలంగడివాళ్ళిచ్చిన పసుపు సంచిలో సర్దాను.

ఆ ఆదివారం పొద్దున బస్సులో ముగ్గురం ఉన్నాం. నేను, మా ఆయన, ఆయన అక్క. ఆమెది కుప్పమే. మా ఇంటికి చుట్టంచూపుగా వచ్చి తిరిగి పోతోంది. పుంగనూరు దాటగానే ఆమె కన్ను నా సంచి మీద పడింది.

"ఏముండాది మ్మా దాంట్లో? బాలింత బిడ్డను పెట్టుకున్నట్ల ఒళ్ళో పెట్టుకోనుండావు?"

ఒకటి తీసి చూపించాను. తిప్పి చూసింది. వాసన చూసింది. గోటితో గీకింది. నేను రెండు నెలలు ఉప్పుకాగితం పెట్టి రుద్దిన నునుపు మీద గోరు! తర్వాత పక్క సీటులో ఉన్న తమ్ముడి వైపు వంగి, బస్సంతా వినబడేటట్లు గుసగుసలాడింది.

"ఒరే, ఇది ఎర్రచందనం రా!"

"తుమ్మ వదినా," అన్నాను.

"తుమ్మ ఇంత ఎర్రగా ఉంటాదా? నాకు తెలీదా ఎర్రచందనం? మా ఇంటాయన అడివి పక్క ఊర్లో పదేండ్లు ఉద్యోగం సేసినాడు."

"సేసింది ఆయన గదా వదినా. నువ్వు యాడ సేసినావు?"

ఆమె మూతి తిప్పుకుంది. నేను మా ఆయన వైపు తిరిగి, "నువ్వన్నా చెప్పప్పా, అది ఏం చెక్కో," అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "గట్టిగా అరసొద్దు. నలుగురూ ఇంటాండారు," అన్నాడు. అంతే. ఏం చెక్కో చెప్పలేదు.

వెంకటగిరికోటలో బస్సు కాసేపు ఆగుతుందని కండక్టరు చెప్పాడు. నేను బాత్రూముకు దిగాను. సంచి సీటులో పెట్టి దిగాను, మొగుడున్నాడు కదా అని. తిరిగి వచ్చేసరికి మొగుడున్నాడు, సంచి లేదు.

"సంచి యాడ?"

"పారేసినా."

"పారేసినావా? యాడ?"

"బస్టాండు ఎనక కాలవలో."

"యాల? పారేయాల్సిన పనేంది?"

"యాలేంది మ్మా, యాల!" అని వదిన అందుకుంది. "ఆ పోలీసోళ్ళను సూడు. మీ ఆయన లేకుంటే ఈ పొద్దు నీ గతేంది? పుణ్యాత్ముడు దొరికినాడు నీకు."

పుణ్యాత్ముడు టవలుతో మెడ తుడుచుకుంటున్నాడు. వెనక కండక్టరు, "ఎక్కేవాళ్ళు ఎక్కండమ్మా, దిగేవాళ్ళు దిగండి," అని ఈల ఊదాడు. నేను దిగాను. వాళ్ళు దిగలేదు. బస్సు కదిలాక ఆయన కిటికీలోంచి "ఎక్కు మే" అన్నాడు. ఒక్కసారే అన్నాడు.

బస్టాండు వెనక కాలవ పక్కన చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఒక కర్ర పుల్ల పట్టుకుని వెతికాను. ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి చిప్పలు, ఒక పిల్లవాడి బూటు. పసుపు సంచి లేదు. చీర పీలిక ఒక్కటి కూడా లేదు. బజ్జీలు తిన్న పోలీసతను నన్ను చూసి వచ్చాడు.

"ఏం పోయిందమ్మా?"

చెప్పాను. ఎట్లాంటివని అడిగితే హ్యాండుబ్యాగులోంచి బీట వేసినదాన్ని తీసి చేతిలో పెట్టాను. అరచేతిలో అటూ ఇటూ దొర్లించి చూశాడు.

"తుమ్మ గదా ఇది. మా నాయిన దున్నే మడకలు దీంతోనే సేస్తా ఉన్నెడు. ఇంత నున్నగా మా నాయిన కూడా సేసింది లేదు." తిరిగి ఇచ్చేసి, లాఠీతో తనూ కాలవ కెలికాడు. పాపం, ఆ బురదలో అతనికేం పని?

ఏ ఖాకీని చూసి మా వాళ్ళకు చెమటలు పట్టాయో, ఆ ఖాకీ ఒక్క చూపులో చెప్పిన సంగతి ఇది.

తర్వాతి బస్సులో కుప్పం చేరేసరికి చెట్టు నిలబెట్టేశారు. నా స్నేహితురాలు స్టూలెక్కి రంగు కాగితం నక్షత్రాలు కడుతోంది. ముందు నా చేతుల వైపు చూసింది, తర్వాత నా మొహం వైపు. జరిగింది చెప్పాను. చెబుతుంటేనే అది అబద్ధంలా ఉందని నాకే తెలుస్తోంది. పని చేయలేనివాళ్ళు చెప్పే సాకులన్నీ అట్లాగే ఉంటాయి, కాలవలో పడిపోయిందని, బస్సులో పోయిందని. ఆమె అంతా విని, "సరేలే మే, పోనీలే," అంది. బీట వేసిన బుడిపెను తీసుకుని, బీట గోడ వైపు తిప్పి, చెట్టు వెనకపక్క కట్టింది. ఆ తర్వాత ఆమె నన్ను పని అడగలేదు. ఏ చర్చివాళ్ళూ అడగలేదు.

కథ ఇక్కడ ఆగిపోయి ఉంటే, పిరికి మొగుడి ఖాతాలో వేసి ఊరుకుని ఉండేదాన్ని. ఆ ఎండాకాలం ఏదో పని మీద కుప్పం పోయి వదిన ఇంట్లో దిగాను. కాళ్ళు కడుక్కుందామని పెరట్లోకి పోతే, తొట్టి పక్కన సానరాయి ఉంది, గిన్నెలో పచ్చిపాలు ఉన్నాయి. రాయి మీద నా బుడిపె ఉంది. మొగ్గ అంతా అరిగిపోయి, మెడ మాత్రం మిగిలింది. మెడ మీద నేను తీసిన రెండు గీతలు అట్లాగే ఉన్నాయి.

వదిన వెనకే వచ్చింది. సిగ్గా? ఆమెకా?

"దినామూ పాలల్లో అరగదీసి పూసుకుంటాండా. మొగం సూడు, ఎట్ల నిగనిగలాడతాండాదో. ఎర్రచందనమంటే ఎర్రచందనమే."

ఎర్రచందనం అరగదీస్తే కుంకుమ కలిపినట్లు దిగుతుంది. ఆ రాయి మీద ఉన్నది టీ మడ్డి రంగు. ఆరు నెలలు దాన్ని మొహానికి పూసుకుని, కళ్ళెదురుగా కనిపించే రంగును కూడా నమ్మకుండా, నిగారింపు వచ్చిందని అద్దం ముందు నిలబడిన మనిషితో ఏం వాదిస్తాం? నేను వాదించాను.

"ఇది కాలవలో గదా ఉండాల్సింది వదినా?"

"కాలవలో యాల పారేస్తాడు మ్మా? వాడు నా బ్యాగులో పెట్టినాడు. నా బ్యాగు ఎవురు సూస్తారు, ముసిల్దాన్ని?"

"తక్కినవి?"

"తెలిసినోళ్ళు అడిగితే తలా ఒకటి ఇచ్చినా. ఎర్రచందనం ఇస్తామంటే ఎవురు వద్దంటారు?"

అంటే నేను బురద కెలుకుతున్నప్పుడు నా ఇరవై నాలుగు బుడిపెలూ అదే బస్సులో, ఆమె ఒళ్ళో, నాకంటే ముందు కుప్పం చేరాయి. పోలీసులంటే అంత భయపడినవాళ్ళు దొంగసొత్తు అనుకున్నదాన్ని దర్జాగా బ్యాగులో వేసుకుని పోయారు. ఈపాటికి కుప్పంలో ఎంతమంది ఆడవాళ్ళు మా నాన్న ఉయ్యాల బుడిపెను పాలలో కలిపి బుగ్గలకు రాసుకున్నారో!

ఇంటికొచ్చి మా ఆయన్ను నిలదీశాను. "అక్క అడిగె," అన్నాడు. "అక్క అడిగితే కాలవ అని నాకెందుకు చెప్పినావు?" అంటే పేపరు తీశాడు. పేపరు లాగేస్తే టీవీ పెట్టాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో కథ వస్తే చెయ్యి ఊపుతున్నాడు.

వదిన సంగతి వదిలేశాను. ఆమెకు చెట్టు తెలీదు, చెక్క తెలీదు, ఎరుపొక్కటే తెలుసు. ఆయన అట్లా కాదు. ఆ మొద్దును దింపింది ఆయన. ఆ ముల్లు దిగింది ఆయన కాలిలో. ఇప్పటికీ చలికాలంలో ఆ మడమ నొప్పెడుతోందని నాచేతే వేపనూనె రాయించుకుంటాడు. రాసినప్పుడల్లా ఒక్కటే అడుగుతాను, ఆయన కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తాడు. ఇదంతా పేపరుకు రాసి పంపుతూ ఇక్కడ కూడా అడుగుతున్నాను, పేపరు చదివే మనిషే కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు కంటబడుతుందని.

ఆ రోజు నా సంచి తీసి మీ అక్క బ్యాగులో పెట్టేటప్పుడు, అది తుమ్మ అని నీకు తెలుసా, తెలీదా?