నా తలలో అత్త చూసిన పగులు

ఆ మంగళవారం పొద్దున్నే వడగాలి మొదలైంది. మార్కాపురం దగ్గరి పలకల ఫ్యాక్టరీలో చీల్చబోయే రాళ్ల మీద నీళ్లు చల్లుతుండగా ఫోన్ వచ్చింది. మేనత్త నిద్రలోనే పోయిందని. చేతిలోని చెంబు కింద పెట్టి ఇంటికి వచ్చాను.

మా నాయనకు లేని మాటలు వినపడే జబ్బు. ఆయన పోయేదాకా చూసుకున్నది, అమ్మ లేని మా అన్నదమ్ములిద్దరినీ పెంచింది ఆయన అక్క, ఈ అత్తే. ముప్పై ఏళ్లు రాళ్లు చీల్చింది. రాయిని ఉలితో తట్టి, మోత విని, లోపల పగులుందో లేదో చెప్పేది. ఆమె మాట తప్పగా మేం చూడలేదు.

ఈ జబ్బు కుటుంబాల్లో ఎలా వస్తుందో పరిశీలిస్తున్నామని, నాయన ఉన్నప్పుడే పట్నం డాక్టర్లు మా నలుగురి తలలకూ స్కానింగ్ తీశారు. "నా తలకాయలో రాతిపొడి తప్ప ఏముంటది సామీ" అని అత్త అక్కడివాళ్లను నవ్వించింది. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది: ఇలాంటి ఇళ్లలో జబ్బు లేనివాళ్ల మెదడులోనూ చిన్న తేడాలు ఉండొచ్చు, చాలామందిని కలిపి చూస్తేనే అవి తెలుస్తాయి, ఒక్కరి ఫోటో చూసి ఎవరికి వస్తుందో చెప్పలేం.

అత్త ఇంటికి వచ్చి ఆ ఫోటోలను ఎండకు పట్టింది. గోటితో తట్టి కూడా చూసింది. నడిమధ్య నల్లటి ఖాళీ నా దాంట్లో వెడల్పుగా, తమ్ముడి దాంట్లో సన్నగా ఉంది. అది పగులే అనుకుంది; ఆ రోజు నుంచి నా మీద కాపలా.

"ఎవురితో మాట్లాడ్తన్నావురా?"

"నీతోనే అత్తా, ఇంకో ముద్ద పెట్టమని."

నవ్వేది కాదు. తమ్ముడు తలుపేసుకుంటే మాత్రం "చదువుకుంటన్నాడు, కదిలించొద్దు" అనేది. అలా రెండేళ్లు.

పోయినేడు తమ్ముడు గోడతో పోట్లాడుతూ కనిపించాడు. అత్త నా ఫోటో పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని మళ్లీ పట్నం డాక్టరమ్మ దగ్గరికి పోయింది.

"ఈ పగులేందమ్మా మరి?" అని అడిగింది.

"అది పగులు కాదు పెద్దమ్మా. అందరికీ ఉండే నీటి ఖాళీ. నాకూ ఉంది."

తిరుగు బస్సులో ఆ ఫోటోను మళ్లీ ఎండకు పట్టి చూసింది. తర్లుపాడు దాటాక అంది: "మంచి రాయికి కాపలా కాసినాను రా, పగిలినదాన్ని ఒదిలేసి."

ఆమెను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆమె పెట్టిన అన్నంతో పెరిగిన తల ఇది.

అప్పటి నుంచి తమ్ముడు మాత్రలు అత్త చేత్తో ఇస్తేనే మింగేవాడు. ఇంకెవరిచ్చినా విషమనేవాడు. మింగాక తమ్ముడే బలపంతో పలక మీద రోజుకో గీత గీయాలి. "నేను పోతే వీడెట్ల రా?" అని నన్ను అడిగేది.

అత్త పోయిన ఆ మంగళవారం నేను మాత్ర ఇవ్వబోతే తమ్ముడు నా చెయ్యి తోసేశాడు. పలక మీద సోమవారం గీతే చివరిది. నాలుగింటికి అత్తను ఎత్తాం. వాడు రానన్నాడు. మేం శ్మశానం నుంచి తిరిగొచ్చేసరికి ఇంట్లో లేడు. చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి.

ఐదుంపావుకు కనిగిరి రోడ్డు వైపు నడిచి వెళ్లాడని పక్కింటామె చెప్పింది.