అమ్మ చెప్పగా వేసిన ఇల్లు

పద్మనగర్‌లో మా ఒంటిగది ఖోలీ గోడకు అవతల మరమగ్గాల షెడ్డు. పొద్దస్తమానం గోడ అదురుతూనే ఉండేది. దానికి తగిలించిన నీళ్ళరంగుల బొమ్మ రోజూ ఒక పక్కకు ఒరిగేది. సాయంత్రం కండెలు చుట్టే పని నుంచి రాగానే అమ్మ చేతులైనా కడుక్కోకుండా దాన్ని సరిచేసేది.

ఆ బొమ్మ నేను ఎనిమిదో తరగతిలో వేసింది. పెంకుటిల్లు, ముందు తోట. నేను ఇక్కడే, భివండీలో పుట్టాను, అమ్మ వాళ్ళ ఊరు నేను చూసిందే లేదు. అందుకని అమ్మ పక్కన కూర్చుని చెబుతుంటే వేశాను. జామచెట్టు కొమ్మ ఎటు వంగిందో, బంతిమడికి ఎన్ని సాళ్ళో, ఏ మందారానికి ఎండ తగలదో, అన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పింది. లోపల ఎన్ని గదులని అడిగితే మాత్రం, అదెందుకు, ముందు చెట్టు వెయ్యమని కసిరింది. తలుపు మూసే వేశాను. రంగు ఆరేలోగా షెడ్డులోంచి దూది ఎగిరొచ్చి ఆకాశానికి అతుక్కుంది. నేను ఏడుపు మొహం పెట్టాను. మబ్బనుకుంటారులే అంది అమ్మ. మళ్ళీ దూది అంటకుండా తనే తీసుకెళ్ళి లామినేషన్ చేయించింది.

ఇంటికి వచ్చినవాళ్ళందరికీ అది ఊళ్ళో మా ఇల్లని చెప్పి గొప్పలు పోయేదాన్ని. అమ్మ నోరు మెదిపేది కాదు. మొహమాటం అనుకున్నాను.

పోయిన ఏడాది అమ్మ ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయి. ఇన్నేళ్ళ దూది మరి. ఎక్కువ రోజులు లేవన్నాడు డాక్టరు. ఒక్కసారి ఆ ఇల్లు చూపిద్దామని బండి మాట్లాడాను. రానంది. నీ ఇంటికి నువ్వు పోవడానికి ఇంత మొండితనమా అని ఆ స్థితిలో కూడా ఆమె మీద అరిచాను.

అమ్మ చాలాసేపు దమ్ము తీసుకుంది.

"గది మనిల్లు గాదు బిడ్డా. దొరోళ్ళది. నేను గా చెట్లకు నీళ్ళు వోసేదాన్ని. గడప లోపలికి ఎన్నడు పోలే."

నేను కొట్టుకున్న గొప్పలన్నీ ఆమె వింటూనే ఉంది కదా. బండి వద్దని ఫోన్ చేశాను.

కాసేపటికి తనే అడిగింది. "నన్ను గూడ వెయ్యి అండ్ల. లోపల గాదు. జామచెట్టు కాడ, బిందె వట్టుకొని."

బొమ్మ దించి రంగులు కలిపాను. కుంచె పెడితే ప్లాస్టిక్ మీద రంగు నిలవలేదు, బొట్లు బొట్లుగా జారిపోయింది. ఊడదీద్దామంటే కాగితం కూడా చిరిగేలా ఉంది. అమ్మ చూస్తూనే ఉంది. కొత్తది వేస్తాను, ఆదివారం కూర్చుందాం, మళ్ళీ మొదటి నుంచి చెప్పు అన్నాను. సరేనంది.

శుక్రవారం పొద్దున పోయింది.

కొత్త కాగితం మీద జామచెట్టు దాకా వేశాను, పాతది చూసుకుంటూ. ఆ పైన చెయ్యి సాగలేదు. పడుచుతనంలో అమ్మ ఎలా ఉండేదో నాకు తెలియదు. ఒక్క ఫోటో కూడా లేదు. ఆమె చెట్ల గురించి చెప్పింది, నేను చెట్ల గురించీ, గదుల గురించీ మాత్రమే అడిగాను.