సూత్రంలో దగ్గు

భిన్నాన్ని భిన్నంతో భాగించాలంటే రెండోదాన్ని తలకిందులు చేసి గుణించాలి. ఎందుకో నాకు తెలియదు. తెలియదన్న సంగతైనా తెలియకుండా నాంపల్లి బడిలో ఏళ్ల తరబడి అదే చెప్పాను. తలకిందులైంది భిన్నమే, నా తల తిన్నగానే ఉందనుకున్నాను.

అప్పటికి నౌకరీ పక్కా కాలేదు. ఇన్‌స్పెక్టరు వచ్చి పాఠం చూసి మెచ్చితేనే అవుతుంది. లేకపోతే మూట సర్దుకోవాలి. అందుకే ముందుగా ఒక ముసురు మధ్యాహ్నం మా హెడ్మాస్టరు వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు.

సూత్రం చెప్పమన్నాను. చీకటి గదిలో పిల్లలందరిదీ ఒకే గొంతు: "రెండో భిన్నాన్ని తలకిందులు చేసి..." గొంతు ఆగింది. అందరూ ఒక్కసారి దగ్గారు. "...గుణించవలెను."

సూత్రం చెప్పిన ప్రతిసారీ నేను దగ్గేది అక్కడే. ఆ దగ్గు నాది.

"నడుమ గా దగ్గుడేందిరా?" అన్నారు హెడ్మాస్టరు.

"సూత్రంల ఉంది సార్. దగ్గకుంటే లెక్క తప్పుతది" అన్నాడొక పిల్లవాడు.

ఎవరూ నవ్వలేదు. నాకు భయమేసింది అందుకే.

సాయంత్రం ఆబిడ్స్ వైపు నడుస్తుంటే ఒక మేడ కిటికీలోంచి మా బడి పిల్లవాడు చెల్లెలికి అదే వల్లె వేయిస్తున్నాడు. సరిగ్గా అక్కడే చిన్న గొంతు దగ్గింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ దగ్గు నాది కూడా కాదు. సూత్రంతో పాటు మా చిన్నప్పటి లెక్కల సారు దగ్గర తెచ్చుకున్నది. ఆయనకెవరిచ్చారో!

మర్నాడు హెడ్మాస్టరు తన టిఫిన్‌లోంచి అర జొన్నరొట్టె తీసి ముందు పెట్టారు.

"పావు ముక్కలెన్నొస్తయి పంతులూ?"

"రెండు."

"సూత్రం యాదికి తెచ్చుకున్నవా?"

"లేదు."

"మరి! నిండు రొట్టెల పావులు నాలుగు. గందుకే పావుతోని భాగిస్తే నాలుగుతోని గుణించుడు. సగం రొట్టెకు నాలుగుల సగం. గిది వాళ్ల చేతులకు చెప్పు, నోళ్లకు కాదు."

అప్పటినుంచి తరగతిలో రొట్టెలు తుంచాం. దగ్గు తగ్గింది.

ఇన్‌స్పెక్టరు వచ్చారు. చూస్తే మా చిన్నప్పటి ఆ సారే! నన్ను గుర్తుపట్టలేదు. సూత్రం చెప్పమన్నారు. పిల్లలు రొట్టె కోసం నావైపు చూశారు. ఆయనే అందించారు: "రెండో భిన్నాన్ని తలకిందులు చేసి..." దగ్గారు. ఒక్కరూ తోడు దగ్గలేదు.

"ఎందుకు తలకిందులు చెయ్యాలె సార్?" అంది ముందు బెంచీలో ఒక పిల్ల.

ఆయన నావైపు చూశారు. నా నౌకరీ ఆయన కలంలో ఉంది. అయినా అర రొట్టె చేతికిచ్చి, "మీరే పావులుగా తుంచి చూడండి సార్" అన్నాను.

తుంచారు. పావు ముక్కలు రెండూ లెక్కపెట్టుకున్నారు. నన్ను పక్కా చేస్తూ సంతకం పెట్టారు. గడప దగ్గర ఏదో చెప్పబోయి, గొంతు సవరించుకోబోయి ఆగిపోయారు.

"దగ్గండి సార్, ఫికర్ లేదు" అన్నాను. "ఇక్కడిప్పుడెవరికీ అంటుకోదు."