శ్రావణ శుక్రవారం, రెండో గంట

ఉమాదేవి బయాలజీ టీచరు. పదో తరగతికి చెప్పడం మొదలుపెట్టిన పదేళ్ళలో పునరుత్పత్తి పాఠాన్ని పదిసార్లూ చెప్పకుండా దాటేసింది. పదిసార్లూ డైరీలో 'పాఠం పూర్తయినది' అని రాసి హెడ్మాస్టరు సంతకం తెచ్చుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. పదకొండో ఏడు, అంటే రెండువేల నాలుగు జూన్‌లో, ఆ పాఠం నిజంగా చెప్పింది. రెండు నెలలు తిరక్కుండా ఆమె మీద అర్జీ తయారైంది.

ఆమెదేమీ ఉద్యమాల ఇల్లు కాదు. ఆలమూరు దగ్గర వరి పండించే కుటుంబం. తను పెద్దమనిషైనప్పుడు తల్లి చెప్పినవి రెండే మాటలు: ఆవకాయ జాడీ ముట్టుకోకు, మగపిల్లలతో ఆడకు. బి.ఎడ్. చదివినప్పుడు లెక్చరరు కూడా ఆ పాఠం దగ్గరికొచ్చేసరికి, "ఇది పిల్లలు ఇంటి దగ్గర చదువుకుంటారు" అని పేజీలు తిప్పేశాడు. దాటెయ్యడం కూడా ఒక విద్యే. ఆ విద్య ఆమెకి బాగానే అబ్బింది. మందారపువ్వు కోయించి, రేకులు విప్పి, కేసరాలూ పుప్పొడీ రెండు రోజులపాటు బొమ్మలేసి మరీ చెప్పేది. మనుషుల గురించి ఉన్న తరవాతి నాలుగు పేజీల దగ్గర, "ఇంటి దగ్గర చదువుకోండి. పరీక్షలో వస్తే చాయిస్‌లో వదిలెయ్యండి" అనేది.

మొదటి ఉద్యోగం తొంభైనాలుగులో, రాజోలు దాటి సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో. పదో తరగతిలో ఇరవయ్యారుమంది మగపిల్లలు, నలుగురు ఆడపిల్లలు. మిగతా ఆడపిల్లలు ఎప్పుడో మానేశారు. ఎందుకు మానేశారని అడిగే దిక్కు లేదు. ఆ నలుగురిలో మమత చురుకైనది. తెల్లారగట్ల తల్లితో కలిసి నడుంలోతు నీళ్ళలో రొయ్యపిల్లలు పట్టి, జుట్టు తడారకుండానే బడికొచ్చేది. ఒకరోజు క్లాసులో లేచి నిలబడింది. వెనక బెంచీ వాళ్ళు నవ్వారు. మమత ఒకసారి వెనక్కి తిరిగి పరికిణీ చూసుకుని, పుస్తకాలు వదిలేసి పరుగెత్తింది. ఉమాదేవి ఆ నవ్వినవాళ్ళని బెంచీ ఎక్కించింది. ఎందుకు నవ్వకూడదో చెప్పలేదు.

నాలుగో రోజు మమత తల్లి అప్పలమ్మ వచ్చింది, ఆకులో నువ్వుల చిమ్మిలి ఉండలు చుట్టుకుని.

"మా పిల్ల పెద్దమడిసయ్యిందండి మేడంగోరూ. తినండి. ఎర్రిపీనుగు, నీళ్ళలో ఏదో గుచ్చుకుందనుకుని రెండ్రోజులు పసుపెట్టుకు తిరిగిందంట! నిన్న సెప్పి ఏడిసింది, సచ్చిపోతానేమో అమ్మా అని."

"మీరు ముందే చెప్పలేదా అప్పలమ్మా?"

"మేవేం సెబుతావండి, సిగ్గు కాదూ? మీ బళ్ళో సెబుతారనుకున్నానండి."

ఉమాదేవి చిమ్మిలి తిన్నది. మమత వదిలేసిన పుస్తకాలు చుట్టి ఇస్తే అప్పలమ్మ తీసుకోలేదు. "ఇంకెందుకండి? మా పెద్దోడు సింహాద్రి బోటు మీంచి రాగానే సంబంధం మాటాడతాడు" అంది. వలలు కుట్టుకునేచోట ఆడవాళ్ళ నోట సరసాలకి లోటు లేని ఊరది. ఆ మాటలన్నీ వింటూ పెరిగిన పిల్ల, తన ఒంట్లోంచి వచ్చే రక్తమేమిటో తెలియక పసుపు పూసుకుంది.

ఆ వారమే డైరీలో 'పాఠం పూర్తయినది' అని రాసి ఉంది.

నాలుగేళ్ళ తరవాత కొత్తపేట వైపు బదిలీ అయింది. కొబ్బరితోటల రైతుల ఊరు. పిల్లల పుస్తకాలకి అట్టలుంటాయి, గైడులుంటాయి, ఆడపిల్లల్ని డిగ్రీదాకా చదివిస్తారు. పిల్ల పెద్దమనిషైతే షామియానా వేసి, వీడియో తీయించి, మూడు రకాల స్వీట్లతో భోజనాలు పెడతారు. ఒక ఊళ్ళో అది బడి మానడానికి కారణం, ఇంకో ఊళ్ళో భోజనాలు పెట్టడానికి కారణం. జరిగిందేమిటో మాత్రం రెండు ఊళ్ళలోనూ పిల్లకి చెప్పరు. చదువులో తేడా ఉంది గానీ ఈ చీకట్లో ఏ తేడా లేదు.

రెండువేల నాలుగు వేసవిలో సైన్సు టీచర్లకి అమలాపురంలో మూడు రోజుల శిక్షణ పెట్టారు, కౌమార విద్య అని. పటాల కట్ట ఇచ్చారు. ఒక మాస్టారు టీ తాగుతూ, "మన కొబ్బరిచెట్లకెవరు ఇచ్చేరండీ శిక్షణ? కాయట్లేదా?" అంటే అందరూ నవ్వారు. ఉమాదేవి కూడా నవ్వింది.

సాయంత్రం బస్టాండులో ఎండుచేపల బుట్ట దగ్గర కూర్చున్న మనిషి లేచి దణ్ణం పెట్టింది. మమత. ఇరవైనాలుగేళ్ళకే ముఖం ఎండిపోయింది. పక్కన కూతురు.

"దీనికి ఎనిమిదేళ్ళండి. రేపో మాపో వచ్చేత్తాది కదండీ. నాకులా బయపడకుండా ముందే ఏదో సెబుదామని. ఏం సెప్పాలో తెల్దండి. మీరు సెప్పండి మేడంగోరూ, నేను దానికి సెబుతాను."

ఉమాదేవి నోరు తెరిచింది. మందారపువ్వు తప్ప ఏమీ గుర్తుకు రాలేదు. ఇంతలో బస్సొచ్చింది.

బడి తెరిచిన రెండో వారం, పుస్తకంలో ఆఖరున ఉన్న ఆ పాఠాన్ని ముందుకి తెచ్చింది. హెడ్మాస్టరు కేశవరావు గారు మగపిల్లల్ని కబడ్డీకి పంపేశారు. "వాళ్ళకెందుకమ్మా" అన్నారు. వాళ్ళకే ఎక్కువ కావాలని ఆ శిక్షణ కార్యక్రమం రాసినవాళ్ళూ గట్టిగా అనలేదు, ఉమాదేవీ అనలేదు. పందొమ్మిదిమంది ఆడపిల్లలు మిగిలారు. పటం గోడకి తగిలించింది. ఏ అవయవం ఎక్కడుంటుందో, రక్తం ఎందుకొస్తుందో, ఎన్నాళ్ళకొస్తుందో చెప్పింది. నోటుబుక్కు చివరి పేజీలో తారీకులు రాసుకొమ్మంది.

"కరివేపాకు చెట్టు ముట్టుకుంటే చచ్చిపోద్దంటండి, నిజవాండీ?" అని నాగవల్లి అనే పిల్ల అడిగింది.

"ఈసారి ముట్టుకుని చూసి నాకు చెప్పు."

"మా మామ్మ నన్ను చంపేత్తాదండి ముందు."

అందరూ నవ్వారు. ముందు బెంచీలోంచి దివ్య లేచింది. "అది రాగానే అందరికీ చెప్పాలాండీ?"

"భయమేస్తే అమ్మకి చెప్పు. అది రోగం కాదు. దాచుకోవాల్సిందీ కాదు, ఊరంతా చాటాల్సిందీ కాదు."

దివ్య తలూపి కూర్చుంది. స్కూలు కమిటీ చైర్మన్ సోమేశ్వరరావు గారి కూతురు. పద్నాలుగు నిండినా ఇంకా కాలేదని ఇంట్లో మామ్మగారు కనపడినవాళ్ళందరి దగ్గరా బెంగపెట్టుకుంటోంది.

జులై మూడున దివ్యకి అయింది. భయం వెయ్యలేదు. భయం వెయ్యలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. టీచరు చెప్పింది చెప్పినట్టు చేసిన పిల్ల ఆ ఊళ్ళో అదొక్కతే. జులై ముప్పైయొకటిన మళ్ళీ వచ్చింది. రెండు తారీకులూ చివరి పేజీలో రాసుకుంది; నోట్సు అడిగి తీసుకెళ్ళిన నాగవల్లి ఒక్కతే అది చూసింది. ఆగస్టులో తల్లి సువర్ణ స్కూలు బ్యాగు ఉతకబోతే అందులో ప్యాడ్ల ప్యాకెట్టు దొరికింది.

ఆ వారం హెడ్మాస్టరు గదిలోకి ఉమాదేవిని పిలిచారు. సోమేశ్వరరావు, సువర్ణ కూర్చుని ఉన్నారు.

"మీ మీద మాకు కోపం లేదండి టీచర్ గారూ," అన్నాడు సోమేశ్వరరావు. గొంతు పెంచే మనిషి కాదు. "ఆడపిల్ల పెద్దమనిషైతే మేం గంట, నిమిషం చూసి సిద్ధాంతి గారి చేత రాయించుకుంటాం. ఏ నక్షత్రం, ఏ వారం, మొదట ఎవరు చూసేరు, అన్నీ ఉంటాయి కదండీ. రేపు సంబంధాలవాళ్ళు అడుగుతారు. ఇదేమో ఆషాఢంలో అయిందంట! నెలన్నర దేవుడి గదిలోకీ వంటింట్లోకీ తిరిగేసింది. ఎప్పుడయిందే అంటే తారీకు చెబుతుందండి. తారీకు! నోట్సు రాసుకుందంట."

"నాకూ చెప్పలేదండి," అంది సువర్ణ. "నేనే చూస్తాననుకున్నానండి మొదట. మా అమ్మ నన్ను చూసినట్టు." ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే ఏదో పోగొట్టుకున్న మనిషి గొంతు.

సోమేశ్వరరావు జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. జిల్లా విద్యాశాఖాధికారికి అర్జీ. ఆడపిల్లలకు అసభ్యమైన పాఠాలు చెబుతున్నారని. కింద ఇరవైమూడు సంతకాలు.

"ఇది నా జేబులోనే ఉంటుందండి. మీరు ఒక్క సాయం చెయ్యాలి. ఆషాఢం పనికిరాదు, దాని వెనకే వచ్చిన అధికమాసం అసలు పనికిరాదు. ఇరవయ్యో తారీకు మొదటి శ్రావణ శుక్రవారం. నక్షత్రం కూడా మంచిదేనంట. పదీ పది నించి పదిన్నర లోపు, రాహుకాలం రాకుండా. ఆ టైముకి మీ క్లాసే. బళ్ళో పెద్దమనిషైందని మీరు చూసి, ఆయాని తోడిచ్చి పంపించాలి. టీచరు గారే చూసేరంటే ఇంక ఎవరూ మాట్లాడరండి."

"దివ్య ఒప్పుకుందాండీ?"

సోమేశ్వరరావుకి ప్రశ్న అర్థం కాలేదు. "దివ్య ఒప్పుకునేదేవిటండీ?"

వాళ్ళు వెళ్ళాక కేశవరావు గారు టీచింగ్ డైరీ ముందుకి తోశారు. "అమ్మా, నాకు ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. ఎవరైనా ఎంక్వయిరీకి వస్తే ఇది చూస్తారు. జూన్‌లో రాసింది ఎర్ర సిరాతో కొట్టేసి, 'పాఠం చెప్పవలసి ఉన్నది' అని రాసెయ్యి. మిగతాది పది నిమిషాల పని."

ఒప్పుకుంటే, ఆ పందొమ్మిదిమందికీ తను చెప్పింది అబద్ధమవుతుంది. దివ్య రాసుకున్న రెండు తారీకులూ అబద్ధమవుతాయి. ఒప్పుకోకపోతే అర్జీ వెళ్తుంది, బదిలీ వస్తుంది. దివ్య మాత్రం అదే ఇంట్లో ఉంటుంది. ఉమాదేవికి ఈ రెండూ స్పష్టంగా కనిపించాయి. ఏ వైపు చూసినా లోపల ఏమీ కదల్లేదు. పన్నుకి మత్తు సూది వేశాక నాలుకతో తడుముకుంటే తగిలినట్టుంది, తన మనసు తనకి. కలం తీసుకుని కొట్టేసింది. పదిసార్లు చెప్పకుండా చెప్పినట్టు రాసిన చెయ్యి, చెప్పిన ఒక్కసారిని చెప్పనట్టు రాసింది. రాత మాత్రం ఎప్పట్లాగే గుండ్రంగా వచ్చింది.

శుక్రవారం రెండో గంట కొట్టారు. దివ్య తలస్నానం చేసి, కొత్త పరికిణీలో వచ్చి కూర్చుంది. ఆయా వీరవేణి గుమ్మంలో నిలబడి గోడ గడియారం చూస్తోంది. మగపిల్లల్ని మళ్ళీ బయటికి పంపేశారు. పదీ పదకొండు నిమిషాలకి వీరవేణి దగ్గింది.

"దివ్యా, లే. ఇంటికెళ్ళు."

"ఎందుకండీ?"

ఆ పిల్లకి ఇంట్లో చెప్పే ఉంటారు. అయినా అడిగింది. ఎగతాళికి కాదు. టీచరు నోటితో వినాలని.

"పెద్దమనిషివయ్యావు," అంది ఉమాదేవి.

వెనకనించి నాగవల్లి గొంతు వినిపించింది. "మళ్ళీనాండీ?"

ఎవరూ నవ్వలేదు. దివ్య పుస్తకాలు సర్దుకుంది. వీరవేణి ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి, "రా తల్లీ, నీడపట్టున నడు, ఎవరికీ ఎదురుపడకు" అంటూ, నిజంగా ఇప్పుడే అయినట్టు, మెట్లు దింపింది. ఆమె నటించలేదు. ఆమె వరకూ టీచరు చెప్పాక అది అయినట్టే. ఉమాదేవి బోర్డు తుడిచి 'నాడీవ్యవస్థ' అని రాసింది. పద్దెనిమిదిమంది దించిన తల ఎత్తకుండా నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నారు. ఆ తరవాత ఆ పాఠం గురించి ఏ పిల్లా ఏ ప్రశ్నా అడగలేదు.

పదకొండో రోజు, ముప్పయ్యో తారీకున, నీళ్ళు పోసి ఫంక్షను చేశారు. పిలుపుకి సోమేశ్వరరావు స్వయంగా వచ్చాడు. "మొదట చూసిన కళ్ళండీ మీవి, రాకపోతే ఎలా?" అన్నాడు. షామియానా కింద ఎవరు పలకరించినా మామ్మగారు ఒకటే చెప్పడం: "బళ్ళో అయిందమ్మా, శ్రావణ శుక్రవారం! ఈ టీచరమ్మే చూసింది. లక్ష్మీదేవే అనుకో."

"ఆయ్, అదృష్టవంతురాలండి," అన్నారు వచ్చినవాళ్ళు.

ఉమాదేవి వరసలో నిలబడి దివ్య దగ్గరికి వెళ్ళింది. పట్టు ఓణీలో, మెడ నిండా పూలతో పిల్ల కుర్చీ అంచున కూర్చుని ఉంది. కడుపు దగ్గర చెయ్యి పెట్టుకుంది. టీచరు వంగగానే చెవిలో గబగబా చెప్పింది.

"మొన్న ఇరవయ్యెనిమిదిన మళ్ళీ వచ్చిందండి. మీరు చెప్పినట్టే, సరిగ్గా ఇరవయ్యెనిమిది రోజులకి. అమ్మ ఎవరితోనూ అనొద్దందండి. ఇప్పుడు నేను ఏ తారీకు నించి లెక్కపెట్టుకోవాలండీ?"

పక్కనే సువర్ణ అక్షింతల పళ్ళెం పట్టుకుని ఉంది. వినపడిందో లేదో తెలియదు. కూతురి ముఖం మీద పడిన జుట్టు సర్దుతోంది.

"ఇరవై నించి," అంది ఉమాదేవి.

"లెక్క తప్పిపోద్ది కదండీ?"

"తప్పిపోతుందమ్మా."

దివ్య ఆమె ముఖంలోకి చూసింది. ఉమాదేవి అక్షింతలు వేసింది. వెళ్ళబోతుంటే వీడియో తీస్తున్న అతను కేకేశాడు. "టీచర్ గారండీ, లైటు పడలేదండి. ఇంకోసారి వెయ్యండి."

ఉమాదేవి వెనక్కి వచ్చి, ఇంకోసారి వేసింది.