విప్పరాని ఫ్యాను

ఆ రోజుల్లో ప్రపంచంలోని కష్టాలన్నీ స్క్రూల వల్లనే వస్తున్నాయని నాకు గట్టి నమ్మకం. ఇది పుట్టుకతో వచ్చిన నమ్మకం కాదు. డిప్లొమా చేతబట్టుకుని తుక్కుగూడ అవతలి మా కందుకూరు నుంచి వచ్చి శంషాబాద్ దగ్గర ఒక చిన్న కంపెనీలో చేరాక మా పెద్దసారు నాలో నాటిన నమ్మకం. ఏసీ లోపల గాలి కొట్టే ఫ్యానూ, దాన్ని తిప్పే మోటరూ ఉంటాయి కదా, ఆ రెంటినీ ఒకే డబ్బాలో ఇమిడ్చి ఏసీలు తయారుచేసే వాళ్లకు అమ్మడం మా పని. డబ్బా ఎంత చిన్నదైతే అంత గొప్ప, ఎంత సులువుగా బిగిస్తే అంత గొప్ప అని సారు రోజూ పొద్దున్నే చెప్పేవారు. అందుకే ఆయన లేనప్పుడు మేమంతా ఆయన్ని కాంపాక్ట్ సార్ అనేవాళ్లం. (ఏసీల భాగాలు చేసే మా ఆఫీసులో ఏసీ లేదు. ఒక టేబుల్ ఫ్యాన్ ఉండేది. అటూ ఇటూ తిరగాల్సిన ఆ ఫ్యాన్ ఎందుకో సారు వైపు తిరిగి అక్కడే ఆగిపోయేది. ఉద్యోగం చెయ్యడం ఎట్లాగో నాకంటే ముందు దానికే తెలిసింది.)

సారు కాంపాక్ట్ పిచ్చి డబ్బాతో ఆగలేదు. మా భోజనాల విరామం కాంపాక్ట్ అయింది, మేం కూర్చునే గది కాంపాక్ట్ అయింది. మీటింగులు మాత్రం ఎందుకో పొడుగవుతూ పోయాయి. ప్రతి మీటింగులోనూ ఒక స్క్రూ తీసేసేవాళ్లం, అందరం చప్పట్లు కొట్టేవాళ్లం. స్క్రూ పోయిన చోట ప్లాస్టిక్ కొక్కేలు పెట్టే పని నాది. చివరికి ఒక్క స్క్రూ కూడా లేని డబ్బా తయారైంది. రెండు సగాలూ ఎదురెదురుగా పెట్టి అరచేత్తో నొక్కితే చాలు, టక్కున బిగిసిపోయేది. సారు దాన్ని ఎత్తి పట్టుకుని పసిబిడ్డను చూసినట్టు చూశారు. ఆ సంతోషంలో నేను నోరు జారాను. రిపేరుకు వస్తే ఎట్ల విప్పుతరు సార్ అని అడిగాను.

గదిలో అందరూ నా వైపు జాలిగా చూశారు. సారు మాత్రం కోప్పడలేదు. "పాడైతే కదయ్యా విప్పడం. మనది పాడవదు" అన్నారు. అందరూ తలలూపారు. అందరికంటే ఎక్కువగా నేనే ఊపాను.

ఇంతలో ఢిల్లీలో ఒక పెద్ద కంపెనీ వాళ్లు మా డబ్బాను చూస్తామన్నారు. కొక్కేలు నావి గనుక నన్ను వెంట తీసుకెళ్తానన్నారు సారు. ఆర్డరు వస్తే నా ఉద్యోగం పర్మనెంటు, రాకపోతే ఇంకో చోటు చూసుకోవాలి. ఆ భయం ఒక పక్కన ఉన్నా, జీవితంలో మొదటిసారి విమానం ఎక్కబోతున్నానన్న సంబరం దాన్ని మింగేసింది. ఇంట్లో చెప్పడమే ఆలస్యం, మా పెదబాపు ఒక ట్రాలీ ఆటో కిరాయికి మాట్లాడాడు. అమ్మ, బాపు, అక్క, బావ, వాడకట్టులో పని లేని వాళ్లంతా అందులో ఎక్కి ఎయిర్‌పోర్టుకు వచ్చారు. నా ఒంటి మీద బావ పెళ్లినాటి కోటు. (బావ బాగా దిట్టమైన మనిషి. ఆ కోటులో నేను అద్దెకున్నట్టు ఉన్నాను.) అమ్మ గాజు తలుపుల ముందు నా నుదుట బొట్టు పెట్టి, కిందికి చూడకు బిడ్డా, కండ్లు తిరుగుతయి అని చెప్పింది.

లగేజీలో వేస్తే విసిరేస్తారని సారు డబ్బాను నా చేతి సంచిలో పెట్టించారు. భద్రతా తనిఖీ దగ్గర సంచి మెషీన్‌లోకి పోయింది, వెనక్కి వచ్చింది, మళ్లీ పోయింది. తెర మీద ఏం కనిపించిందో ఊహించుకోండి. చుట్టలు చుట్టిన తీగలు, నల్లటి ముద్ద, చుట్టూ ఎక్కడా సందు లేని డబ్బా. అక్కడి జవాను దాన్ని బయటికి తీయించి, విప్పమని హిందీలో అడిగాడు. నేను సారు వైపు చూశాను. సారు గర్వంగా ముందుకొచ్చి, ఇది విప్పడానికి చేసింది కాదని చెప్పారు. మా మీటింగుల్లో చప్పట్లు తెచ్చిన మాట అది. అక్కడ మాత్రం జవాను రెండడుగులు వెనక్కి వేసి వాళ్ల అధికారిని పిలిచాడు.

అధికారి మర్యాదస్తుడు. విప్పరాని డబ్బా ఎవరైనా ఎందుకు చేస్తారని నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. ఆ అవకాశం కోసమే పుట్టినట్టు సారు లాప్‌టాప్ తెరిచి బొమ్మలు చూపించడం మొదలుపెట్టారు. వెనకాల జనం సణుగుతున్నారు. (ఆ బొమ్మలన్నీ చివరిదాకా చూసిన మనిషి నాకు తెలిసి ఆ అధికారి ఒక్కడే. మేం కూడా చూడలేదు.) ఈలోపు నేను గోళ్లతో గీకాను, పెన్ను మూతతో పొడిచాను, పక్కనున్న ప్రయాణికుడి తాళంచెవితో పెళ్లగించబోయాను. కొక్కేలు కదలలేదు. చెమటలు కారుతున్నాయి గానీ, లోపల ఎక్కడో చిన్న గర్వం కూడా. ఎంత బాగా చేశానో చూడండి అని ఎవరికైనా చెప్పాలనిపించింది.

అది ఫ్యానే కావచ్చు గానీ, విప్పకుండా లోపలికి రానివ్వనన్నాడు అధికారి. కావాలంటే తిరిగి వెళ్లి లగేజీలో వేసుకోమన్నాడు. మా విమానానికి లగేజీ తీసుకోవడం అప్పటికే ఆపేశారు. సారు గడియారం చూశారు, డబ్బాను చూశారు, చివరగా నన్ను చూశారు.

"నువ్వు యూనిట్‌తో ఉండిపోవయ్యా. నేను వెళ్లి మాట్లాడతాను."

"యూనిట్ లేకుండ ఏం చూపిస్తరు సార్?"

"ఫొటోలున్నాయిగా" అన్నారు, తనిఖీ కోసం విప్పిన బూట్లు అప్పటికే తొడుక్కుంటూ.

డబ్బా చంకన పెట్టుకుని బయటికొస్తే మావాళ్లంతా అక్కడే ఉన్నారు. పెదబాపు నన్ను ఎగాదిగా చూశాడు. "ఏందిరా, గప్పుడే వచ్చినవ్? ఢిల్లీ గంత దగ్గరనా?" అన్నాడు. జరిగింది చెప్పాను. బావ ముందుగా తన కోటుకు చిరుగులేమైనా పడ్డాయేమోనని చూసుకున్నాడు.

ఆర్డరు వచ్చింది. నమ్మకపోతే మీ ఇష్టం. ఫొటోలోని ఫ్యాను చప్పుడు చెయ్యదు, వేడెక్కదు, దాన్ని విప్పమని ఎవరూ అడగరు. ఢిల్లీ వాళ్లకు తెగ నచ్చిందట. నా ఉద్యోగం పర్మనెంటయింది. తర్వాత కొన్నాళ్లకు రిపేరు కోసం డబ్బాలు తిరిగొచ్చాయి, మేం వాటిని రంపంతో కోశాం. అప్పుడు సారు ఒక మీటింగు పెట్టి, సులువుగా విప్పగలిగే కొత్త యూనిట్ కనిపెట్టామని ప్రకటించారు. అందులోని కొత్తదనమల్లా ఒక స్క్రూ. దానికీ చప్పట్లు కొట్టాం.

కానీ ఆ రోజును తలచుకుంటే నాకు ఇవేవీ గుర్తుకు రావు. తిరుగుదారిలో తుక్కుగూడ వైపు పోతుంటే పెదబాపు ఆటో ఆపించాడు. కిరాయి పెట్టుకుని వచ్చి విమానం ఎగరడం చూడకుండా ఇంటికెట్ల పోతమన్నాడు. అందరం దిగి రోడ్డు పక్కన కంచె దగ్గర నిలబడ్డాం. కాసేపటికి ఒక విమానం పెద్ద చప్పుడుతో మా నెత్తి మీదుగా లేచింది.

"గదేనా బిడ్డా నువ్వు పోవాల్సింది?" అడిగింది అమ్మ.

"గదేనమ్మా."

అమ్మ చెయ్యి ఊపింది. అక్కా ఊపింది, పెదబాపు రుమాలు ఊపాడు. ఒక చంకలో డబ్బా, మీద బావ కోటు, నేను కూడా రెండో చెయ్యి ఎత్తి, అది చిన్న చుక్కయి కనపడకుండా పోయేదాకా ఊపుతూనే ఉన్నాను.

"మంచిగున్నది" అంది అమ్మ, నేను అందులో ఉన్నట్టే తృప్తిగా.

ఇప్పుడు కంపెనీ పని మీద తరచూ విమానం ఎక్కుతుంటాను. బెల్టు పెట్టుకోగానే నిద్రపోతాను. ఆ మధ్యాహ్నం నేల మీద నిలబడి చూసినంత ఇష్టంగా మళ్లీ ఏ విమానాన్నీ చూడలేదు.