మేనా బూట్లకు నేను ఎంచిన సంచి

ఫిలోమేనా గ్ష్ట్రాయిన్, అంటే మా మేనా గురించి నాలుగు ముక్కలు రాయమని మా లోయ పత్రికవాళ్ళు నన్నడిగారు. అడగాల్సినవాణ్ణే అడిగారు. ఆమె ఎడమ పాదం గురించి నాకు తెలిసినంత ఆమెకే తెలియదు.

నా పేరు కాసియాన్ తాష్లర్. చదివింది ఊరి బడిలో ఎనిమిదేళ్ళు. ఆ తరవాత నలభై ఆరేళ్ళు స్కీ బూట్లు పాదాలకు కుదిర్చాను, పదకొండు వేల జతలకు తక్కువ ఉండవు. బూటు ప్లాస్టిక్ డిప్పను వేడిచేసి, ఎముక ఉబ్బిన చోట సాగదీసే పని ఈ లోయకు తెచ్చింది నేనే. నేను సరిచేసిన బూట్లు తొడుక్కుని ఒక పిల్ల దేశపు పోటీల్లో మూడోదిగా నిలిచింది. కొండ రక్షణ దళానికి పద్నాలుగేళ్ళు నాయకుణ్ణి. ముప్ఫై ఒక్క మందిని ప్రాణాలతో కిందికి దించాం. డప్పు కొట్టుకుంటున్నానంటే అననివ్వండి, ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఇంత తెలిసినవాడు ఒక వీపుసంచి ఎంచబోయి ఏం చేశాడో కూడా ఇక్కడే రాయాలి.

మేనా నాన్న కొండ మీంచి జారిన మంచు కింద పడి పోయినప్పుడు ఆమెకు పదిహేడేళ్ళు, తమ్ముడు విగిల్‌కు ఎనిమిది. మంచు కింద పోయినవాడి ముఖం మీద మిగిలిన మంచును రక్తసంబంధీకులే తీయాలని మా ఊళ్ళో ఆచారం. పార తగలకూడదు, చేతులతోనే తీయాలి. తల్లి మంచం పట్టి ఉంది. మేనా వెళ్ళి తీసింది. ఆ సాయంత్రమే వచ్చి ఆవుల పాలు పితికింది. తమ్ముణ్ణి పెంచి కొండ మార్గదర్శిని చేసింది. తను స్కీ నేర్పే పనిలో చేరి, ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ పనే చేసింది.

ఇరవై ఆరేళ్ళప్పుడు కాలు విరిగిన ఒక డచ్చి ఆవిడకు తోడుగా మంచు తుపానులో ఆగిపోయింది. బూట్ల మీద వేసుకునే తన వెచ్చటి తొడుగులు ఆవిడకు తొడిగి తెల్లారేదాకా కూర్చుంది. ఆవిడ బతికి ఇప్పటికీ ప్రతి డిసెంబరులో జున్ను పంపుతుంది. మేనా ఎడమ కాలివేళ్ళు మూడు పోయాయి. ఆ పాదానికి బూటు ఎవరూ చెయ్యలేమన్నారు. నేను చేశాను. ఏడుసార్లు తొడిగించి, విప్పించి, పోయిన వేళ్ళ చోట బెండు చెక్కి పెట్టాను. ఆ బూటులాంటిది ప్రపంచంలో ఇంకొకటి లేదు.

పోయిన మార్చిలో విగిల్ నార్వే ఉత్తర కొసన అతిథులను కొండెక్కిస్తుండగా మంచు జారింది. అతిథులిద్దరూ బయటపడ్డారు, విగిల్ కింద ఉండిపోయాడు. గురువారానికి కుక్కలు చోటు పట్టాయి. చాలా లోతు. శనివారం ఒక్కరోజే ఆకాశం తెరిపిగా ఉంటుందట. ఆ తరవాత తుపాను, ఇక జూన్ దాకా ఎవరూ అటు వెళ్ళరు. ఇరుకు కనుమ కాబట్టి హెలికాప్టరు దిగదు. ఇంటివాళ్ళలో ఒకరు తమ కాళ్ళ మీద తాము ఎక్కగలిగితే రానిస్తామన్నారు అక్కడి పోలీసులు.

గురువారం సాయంత్రం మేనా బూట్లు చంకన పెట్టుకుని మా కొట్టుకు వచ్చింది.

"వీటిని విమానంలో నా దగ్గరే పెట్టుకోవాలి. కింద సామానులో వెయ్యను. పోయినేడు నా పెట్టె మూడ్రోజులకి గానీ రాలేదు. స్కీలంటావా, అక్కడెవరో ఇస్తారు. ఈ ఎడమ బూటు ఎవరిస్తారు?"

"ఎవరూ ఇవ్వలేరు," అన్నాను. నాకు గర్వంగానే ఉంది.

ఆమె కొక్కేనికి వేలాడుతున్న బూడిదరంగు సంచి తీసింది. చట్రం లేదు, నడుం పట్టీ లేదు.

"ఇది చాలు. ఎటు నొక్కితే అటు అణుగుద్ది."

"అది బంగాళాదుంపల గోతం."

"నేనేం రాణీనా? ఇదుగో, టికెట్టుతో కాగితం ఇచ్చారు. యాభై అయిదు, నలభై, ఇరవై మూడు సెంటీమీటర్లు. లోపలికి తెచ్చే సంచి ఇంతకి మించకూడదంట. టేపు పట్టుకురా, కొలుద్దాం."

"ఆ కాగితం రాసినోడు ఎప్పుడన్నా కొండెక్కాడా? సంచిని కొలవాల్సింది వీపుతో. నీ వీపు నాకు తెలుసు, పిల్లా."

"అరవై ఒకటొచ్చాయి, ఇంకా పిల్లేనా!"

"నాకు డెబ్బై ఎనిమిది. నోరు మూసుకుని తిరుగు."

నీలం సంచి ఆమె వీపుకెత్తాను. అల్యూమినియం పట్టీలు, వెడల్పాటి నడుం పట్టీ, అటొక బూటుకూ ఇటొక బూటుకూ రెండు పక్క జేబులు. బరువు సమానంగా పడుతుంది. మా ఊళ్ళో సంచి కొనేవాళ్ళు దాన్ని నింపి భుజాన వేసుకుని చర్చి మెట్లు నూటపన్నెండూ ఎక్కి దిగుతారు. దిగేటప్పుడు భుజం లాగకపోతే అది మంచి సంచి. మా తాత హయాం నుంచీ అదే పరీక్ష. టేపుతో సంచిని కొలిచిన మనిషిని ఆ కొట్టులో నేను చూడలేదు.

ఆమె ఎక్కి దిగింది. "లాగట్లేదు," అంది.

"చెప్పానా!"

కాగితం వైపు ఇంకోసారి చూసింది. మూడు రాత్రులుగా నిద్రలేని ముఖం. కాగితం మడిచి జేబులో పెట్టుకుని నీలం సంచితోనే వెళ్ళిపోయింది.

తరవాతిదంతా ఆమె చెప్పగా విన్నాను. మ్యూనిక్‌లో ఎవరూ పట్టించుకోలేదట. ఓస్లోలో రెండో విమానం ఎక్కే గుమ్మం దగ్గర ఇనుప చట్రం ఉంది, సంచి అందులో దిగాలి. మేనా నొక్కింది, మోకాలితో తొక్కింది. పక్క జేబులు రెండూ అటూ ఇటూ తన్నుకుని నిలబడ్డాయి.

"ఇది కిందికే వెళ్ళాలి, మేడమ్," అన్నాడు అక్కడి కుర్రాడు.

మేనా అక్కడే నేల మీద కూర్చుని, వేసుకున్న జోళ్ళు విప్పి సంచిలో కుక్కి, స్కీ బూట్లు తొడుక్కుని లేచింది.

"ఇప్పుడివి సంచిలో లేవు, కాళ్ళకున్నాయి. కాళ్ళు కూడా కొలుస్తావా, నాయనా?"

వెనక వరసలో నవ్వారట. ఆమె ఆ బూట్లతోనే టకటకమంటూ విమానం ఎక్కింది. అల్యూమినియం పట్టీల పొడవుకు సంచి అప్పటికీ చట్రంలో దిగలేదు, కిందికే వెళ్ళింది.

దిగాక చూస్తే సంచి రాలేదు. జోళ్ళూ, మందపాటి ఉన్ని మేజోళ్ళూ అందులోనే ఉన్నాయి. దాని కోసం రెండు గంటలు నిలబడింది, ఆపైన పడవలోనూ కారులోనూ మూడు గంటలు. పలచటి మేజోళ్ళ మీద ఆ గట్టి బూట్లు మొత్తం ఏడు గంటలు కాళ్ళకే ఉన్నాయి. వేళ్ళు తీసేసిన చోట చర్మం కాగితంలా ఉంటుంది, నాకు తెలుసు. బసలో ఎవరో ఉన్ని మేజోళ్ళు ఇచ్చేసరికే అది లేచిపోయింది. గుడ్డ చుట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, శనివారం పొద్దున అందరితో బయల్దేరింది.

తవ్వేవాళ్ళ పెద్ద టోర్గున్ అనే నడివయసు ఆవిడ. దారిలో మేనా ఆమెకు మా ఆచారం చెప్పింది. "అర్థమైంది," అని మాత్రం అందట టోర్గున్. స్కీల మీద మూడు గంటలు ఎక్కారు. ఇంకో అరగంట దారి ఉందనగా మేనా ఎడమ కాలు మడత పడింది. లేచింది, పడింది. బూటు విప్పితే లోపల నెత్తురు.

"నువ్విక్కడే ఉండాలి," అంది టోర్గున్.

"నా తమ్ముడు పైనున్నాడు."

"పొద్దు ఆగదు. మేం ఆగితే అతను జూన్ దాకా అక్కడే."

మేనాకు దుప్పటి చుట్టి, ఒక మనిషిని కాపలాగా వదిలి వెళ్ళారు. ఆమె కింద కూర్చుని, పైన చిన్నగా కదులుతున్న పారలను చూస్తూ ఉందట. "జీవితంలో అంత పనికిమాలినదాన్నని ఎప్పుడూ అనిపించలా," అంది నాతో.

రెండు గంటలు గడిచాక నలుగురు కిందికి జారి వచ్చారు. వెంట మంచు మీద లాగే ఖాళీ స్లెడ్డు బండి.

"ముఖం మీద జానెడు మంచు వదిలేశాం. ఎక్కు," అంది టోర్గున్.

"అది వాడి కోసం తెచ్చింది."

"అతనికి తొందర లేదు. ఎక్కు."

నలుగురూ ఆమెను లాక్కుంటూ ఎక్కారు. మేనా గుంటలోకి దిగి చేతి తొడుగులు తీసేసింది. ఆ జానెడు మంచూ చేతులతోనే తీసింది. "కనురెప్పల మీద మంచు కరగలా. నాన్నకీ కరగలేదు," అంది, అంతే.

దిగేటప్పుడు బండిలో విగిల్. పక్కన తాడు పట్టుకుని ఒంటికాలి భారం మీద మేనా. ఆమె స్కీల మీద నిలబడింది అదే ఆఖరు. సంచి సోమవారం వచ్చిందట, చెక్కు చెదరకుండా.

పుండు మానలేదు. మేలో ఇన్స్‌బ్రుక్ ఆసుపత్రిలో పాదం ముందు సగం తీసేశారు. నడవడానికి జోడు కావాలని కబురు పెడితే టేపు పట్టుకుని వెళ్ళాను. వంటింటి బల్ల మీద కాలు చాపి కూర్చుంది.

"మేనా, ఆ బూడిదరంగుదైతే సరిపోయేది," అన్నాను.

"సరిపోయేది."

ఫరవాలేదులే అంటుందేమోనని చూశాను. అనలేదు.

"మరి ఆ రోజు ఎందుకు ఒప్పుకున్నావు?"

"నువ్వు అరుస్తావు. నాకు ఓపిక లేదు."

టేపు చుట్టబోయాను. పాదం చటుక్కున లాక్కుంది.

"చేతులు మంచులా ఉన్నాయి, ముసలోడా. పొయ్యి దగ్గర కాచుకుని రా."

వెళ్ళి పొయ్యి ముందు నిలబడ్డాను. అవి వేడెక్కడానికి చాలాసేపు పట్టింది.