మా ఇంట అమ్మోరు ఉన్న మూడు రోజులు

నా కూతురికి నాలుగో నెల నడుస్తుండగా మూడు రోజులపాటు దానికి దణ్ణం పెట్టాను. పాలు పట్టే ముందు దాన్నే అనుమతి అడిగాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. అప్పుడు మాత్రం ఆ ఇంట్లో ఉండి నవ్వగలిగే మగాడు గానీ ఆడది గానీ ఎవరూ లేరు.

నేను నౌపడ ఉప్పు మడుల పక్కన పుట్టినదాన్ని. కళింగపట్నంలో ఇచ్చారు. మా ఆయనకి విశాఖలో బోటు మీద పని, వేటకి వెళ్తే పది పదిహేను రోజులు ఫోను కూడా అందదు. పుట్టింట్లో పురుడు పోసుకుని తిరిగొచ్చాక ఇంట్లో ఉండేది అత్తా, నేనూ, పిల్లా. అత్త చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. తిడుతూనే కడుపు నిండా పెడుతుంది.

ఒకరోజు పొద్దున్న డైపరు విప్పితే పిల్ల గజ్జలు కందిపోయి ఉన్నాయి. ముందురోజు కూడా కాస్త ఎరుపు ఉంటే, దోమలేమోలే అని ఊరుకున్నాను. ఇప్పుడు ఆ ఎరుపు చుట్టూ చిన్న చిన్న పొక్కులు, కొన్నింటి కొసల్లో తెల్లగా. "అత్తా" అని కేకేశాను. చేపల బుట్ట చంకలో పెట్టుకుని వచ్చింది. చూసింది. వెనక్కి వెనక్కి నడుస్తూ వాకిట్లోకి పోయింది. కాళ్ళూ చేతులూ కడుక్కుని, తల మీద కొంగు కప్పుకుని వచ్చి పిల్ల ముందు కూర్చుంది.

"ఎప్పుడొచ్చినావు తల్లీ? సెప్పకుండా వచ్చేసినావు," అంది.

ఆ మాట నాతో కాదు. పిల్లతో. మా వైపు ఆటలమ్మ, తట్టు లాంటివి వస్తే అమ్మోరు వచ్చిందంటారు. పొక్కులని పొక్కులనకూడదు, ముత్యాలనాలి. మందు వేస్తే ఆయమ్మకి కోపం వస్తుంది.

"ముత్తేలు పోసినాదే," అంది అత్త నాతో, గొంతు బాగా తగ్గించి. "ఇంక దాన్ని గుంటా పిల్లా అనకు. ఆయమ్మ ఎళ్ళిందాకా ఆ ఒంట్లో ఉన్నాది నీ కూతురు కాదు."

గుమ్మానికి వేపమండలు కట్టింది. కిటికీకి పాత చీర అడ్డం వేసింది. టీవీ ఆపేసింది. పొయ్యి మీద తాలింపు లేదు, నూనె చిటపటలాడితే ఆయమ్మ ఒళ్ళు మండుతుందట. ఎండు చేపలన్నీ పక్కింటికి పోయాయి. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో చేపల వాసన లేని పూట నేను చూడలేదు. అది కాస్తా పోయేసరికి ఎవరో తెలియని వాళ్ళింట్లో ఉన్నట్టుంది. పట్టపగలు బయట సముద్రం ఘోష పెడుతుంటే, లోపల మేమిద్దరం చీకట్లో అడుగుల చప్పుడు కాకుండా తిరిగేవాళ్ళం.

పిల్లకి నీళ్ళు ముట్టించకూడదంది. "ఆయమ్మ కూకున్న సోట ఉచ్చ పడకూడదు. డైపరు ఉంచీ," అంది. వేపాకూ పసుపూ నూరి పూయమంది. పూశాను. దాని మీద డైపరు బిగించాను. డిగ్రీ చదివినదాన్నండీ నేను!

ఇక రెండో రోజు మధ్యాహ్నం. అత్త పిల్ల ముందు కూర్చుని, "కోపమొచ్చినాదా తల్లీ? మావల్ల ఏటి తప్పు జరిగినాది?" అని అడిగింది. అంతసేపూ పైకప్పు వంక చూస్తూ పడుకున్న పిల్ల మెల్లగా కళ్ళు దించి అత్త మొహంలోకి చూసింది. చూసి, ఒళ్ళంతా బిగబట్టి కెవ్వుమంది. ఆకలి ఏడుపు నాకు తెలుసు, నిద్ర ఏడుపు తెలుసు. ఆ గొంతు నేనెరగను. అత్త నేల మీద సాగిలపడింది. నేనూ పడ్డాను. ఏడుస్తున్న పిల్లని ఎత్తుకోవాల్సినదాన్ని, నాలుగడుగులు వెనక్కి జరిగి నేలకి నుదురు ఆనించాను. నా పిల్లని చూస్తే నాకు భయమేసింది. ఈ ముక్క ఇంతవరకూ మా ఆయనకి కూడా చెప్పలేదు.

మూడో రోజుకి పిల్ల పాలు సరిగ్గా తాగడం మానేసింది. ఒళ్ళు వెచ్చబడింది. పిల్ల నా చేతుల్లోంచి పోతోందేమోనన్న భయం ముందు మిగతా భయాలన్నీ చిన్నవైపోయాయి. అత్త వేపాకు కోసం బయటికి వెళ్ళగానే ఊళ్ళో ఆశా కార్యకర్తకి ఫోను చేశాను, ఆవిడని అందరం అక్క అంటాం. మాట్లాడుతున్నంతసేపూ పిల్ల రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తోంది. ఫోను పెట్టేసి, "తప్పైతే నన్ను తీసుకుపో తల్లీ, దాన్ని వదిలెయ్," అన్నాను. అన్నది నా కూతురితోనే.

అక్క పెరటి గుమ్మంలోంచి వచ్చింది. రావడం రావడం కిటికీ చీర లాగేసింది. వెలుతురులో డైపరు విప్పి, పిల్లని అటూ ఇటూ తిప్పి చూసింది. మొహాన ఒక్క పొక్కు లేదు. చేతుల మీద లేదు, వీపు మీద లేదు. ఎలాస్టిక్ ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడ ఎరుపు ఆగిపోయింది.

"ఓలమ్మ! అమ్మోరు డైపరు కొలత సూసుకుని వస్తాదేటే?" అంది.

అప్పుడే అత్త వచ్చింది. "ముట్టేసినారేటే! ఎంత పని సేసినారే!" అని గుమ్మంలోనే లబోదిబోమంది.

"పిన్నీ, ముందు ఇలగొచ్చి సూడు. అమ్మోరైతే మొకానా పొట్టమీదా పోస్తాది గదా? ఇది తడికి ఒరిసిపోయి, మడతలు పాసిపోనాయి. ఆ పాసిన సోటే పొక్కులొచ్చినాయి. ఉచ్చ పోసినప్పుడల్లా కారం రాసినట్టు మండతాది దానికి."

కారం రాసినట్టు! అదా ఆ అరుపు. దానికే మేం సాగిలపడ్డాం. నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపించింది.

అక్క గోరువెచ్చని నీళ్ళతో, సబ్బు లేకుండా, పసుపంతా కడిగించింది. రుద్దకుండా మెత్తటి నూలు గుడ్డతో అద్దించి, డైపరు లేకుండా గాలికి పడుకోబెట్టింది. పౌడరు వద్దంది. పాలు తాగట్లేదు, ఒళ్ళు వెచ్చగా ఉంది కాబట్టి ఆసుపత్రికి ఇప్పుడే పద అంది. అక్కడ డాక్టరమ్మ చూసి, ఒరిసిన చోట ఫంగస్ పట్టిందని ఆయింట్‌మెంట్ రాసింది, జ్వరం పిల్లని ఇంట్లో కూర్చోబెట్టినందుకు నన్ను చెడామడా తిట్టింది. తిట్లన్నీ తిన్నాను. తడవగానే మార్చడం, కడిగి అద్దడం, బాగా ఆరాక మందు రాయడం. రెండు మూడు రోజులకి ఎరుపు తగ్గింది, వారం దాటేసరికి చర్మం మామూలైంది.

ఆ వారమంతా అత్త నాతో మాట్లాడలేదు. మందు రాసే ప్రతిసారీ మాత్రం వచ్చి పక్కన నిలబడి చూసేది. ఆఖరి రోజు మెల్లగా అడిగింది.

"ఒసే, గుడ్డ గోసీలు కట్టినా ఇలగే వస్తాదేటి?"

"తడిగుడ్డ ఉంచేస్తే వస్తాదట అత్తా," అన్నాను, ట్యూబు మూత పెట్టుకుంటూ, ఏమీ ఆలోచించకుండా.

అత్త పిల్ల పక్కన కూలబడింది. "నీ మొగుడి కన్నా ముందు నాకొక గుంట ఉండీది," అంది. "అయిదో నెల. దానికీ ఇక్కడే. మొకాన నేవు, సేతుల మీద నేవు. ఇక్కడే. నీళ్ళు ముట్టించనేదు. తొమ్మిదో నాడు..."

అక్కడితో ఆగిపోయింది. నేను ట్యూబు కింద పెట్టేశాను.

"అది వేరత్తా," అన్నాను గబగబా. "ఆ రోజుల్లో అమ్మోరు అలాగే వచ్చేదట. డాక్టరమ్మే చెప్పింది."

డాక్టరమ్మ అలాంటిదేమీ చెప్పలేదు. అత్త నా మొహంలోకి చూసింది. తర్వాత నా కూతురి మీదికి వంగి, ఆ ఇంట్లో నేనెప్పుడూ వినని పేరొకటి పెట్టి పిలిచి, "తప్పైపోనాదే," అంది.

పిల్ల ఆ పేరుకి తల తిప్పి చూసింది.